ప్రోటీన్ నిర్మాణాలలో అమైనో ఆమ్ల అవశేషాల మధ్య స్పర్శల విశ్లేషణ: వరి అగ్గి తెగులు నిరోధకత ఆధారంగా ఒక అధ్యయన పాఠం

సారాంశం

ప్రోటీన్ త్రిమితీయ నిర్మాణంలో ఏ అమైనో ఆమ్ల అవశేషం దేనికి చేరువగా ఉన్నదో, ఆ చేరువ ఏ రకమైన బంధానికి దారితీస్తున్నదో గుర్తించడమే స్పర్శల విశ్లేషణ. వరిలోని పిక్ నిరోధక జన్యువు ఉత్పత్తి చేసే గ్రాహక ప్రోటీనుకు, అగ్గి తెగులు శిలీంద్రం విడుదల చేసే ఏవీఆర్-పిక్ ప్రోటీనుకు మధ్య గల స్పర్శలను ఉదాహరణగా తీసుకొని ఈ విశ్లేషణ పద్ధతిని, దాని పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది. స్పర్శల సంఖ్య కంటే వాటి స్థానం, స్వభావం ముఖ్యమైనవనీ, ఒక చోట బలహీనపడిన స్పర్శను అదే ఉపరితలంపై మరొక చోట భర్తీ చేయవచ్చుననీ ఈ ఉదాహరణ నిరూపిస్తుంది.

కీలక పదాలు: ప్రోటీన్ నిర్మాణం, అవశేషాల స్పర్శ, హైడ్రోజన్ బంధం, వరి అగ్గి తెగులు, పిక్ జన్యువు, నిరోధకత

ఉపోద్ఘాతం

అగ్గి తెగులు వరి పండించే ప్రాంతాలన్నిటిలోను కనిపించే ప్రధాన తెగులు. ఆకులపై నూలుకండె ఆకారంలో, బూడిద రంగు మధ్యభాగము, ముదురు గోధుమ రంగు అంచులు గల మచ్చలు ఏర్పడతాయి. వెన్ను మెడ భాగానికి సోకినప్పుడు మెడవిరుపుగా పరిణమించి గింజలు తాలుగా మారతాయి. చల్లని రాత్రులు, ఆకులపై ఎక్కువ సేపు నిలిచే మంచు, మోతాదుకు మించిన నత్రజని ఈ తెగులుకు అనుకూలిస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో విస్తారంగా సాగయ్యే సాంబమసూరి రకం ఈ తెగులును తట్టుకోలేదన్న విషయం విస్తరణ శాస్త్రవేత్తలకు తెలిసినదే.

నిరోధక శక్తి గల రకాలను సాగు చేయడం తెగులు నివారణలో ఖర్చు తక్కువైన మార్గం. అయితే ఒక రకం కొన్నేళ్లు తెగులును తట్టుకొని, ఆ తరువాత అదే ప్రాంతంలో అదే తెగులుకు లొంగిపోవడం తరచుగా జరుగుతుంది. విత్తనంలో కల్తీ జరిగిందని, యాజమాన్యంలో లోపముందని రైతు అనుమానపడటం సహజం. చాలా సందర్భాలలో కారణం మొక్కలోనూ ఉండదు, రైతులోనూ ఉండదు. శిలీంద్రంలోని ఒక ప్రోటీనులో ఒకే ఒక అమైనో ఆమ్లం మారినా మొక్క దానిని గుర్తించలేకపోవచ్చు. ఒక్క అవశేషం మార్పు ఇంతటి ప్రభావం ఎలా చూపగలదన్న ప్రశ్నకు సమాధానం రెండు ప్రోటీన్ల మధ్య స్పర్శలలో లభిస్తుంది.

స్పర్శ అంటే ఏమిటి

ప్రోటీన్ శృంఖలంలో చేరిన ప్రతి అమైనో ఆమ్లాన్ని అవశేషం అంటారు. శృంఖలం ముడుచుకొని త్రిమితీయ రూపం పొందినప్పుడు, వరుసక్రమంలో ఎంతో దూరంగా ఉన్న అవశేషాలు కూడా ఒకదాని పక్కకు ఒకటి చేరతాయి. 10వ అవశేషం, 85వ అవశేషం భుజాలు కలిపి నిలబడవచ్చు. ఇలా చేరువైన జంటనే స్పర్శలో ఉన్న జంటగా పరిగణిస్తారు. ఒకే ప్రోటీనులోని అవశేషాల మధ్య ఏర్పడేవి అంతర్గత స్పర్శలు. రెండు వేర్వేరు శృంఖలాల మధ్య ఏర్పడేవి అంతరతల స్పర్శలు. మొదటివి ప్రోటీన్ ఆకృతిని నిలబెడతాయి. రెండవవి ఒక ప్రోటీన్ మరొక ప్రోటీనును గుర్తించడానికి తోడ్పడతాయి.

చేరువ అన్న మాటకు కొలత అవసరం. పరిశోధకులు సాధారణంగా రెండు ప్రమాణాలను వాడతారు. మొదటి ప్రమాణంలో ప్రతి అవశేషానికి ఒక ప్రతినిధి పరమాణువును ఎన్నుకొంటారు. పార్శ్వ శృంఖలంలోని మొదటి కార్బన్, అనగా బీటా కార్బన్, ఇందుకు అనువైనది. గ్లైసిన్‌కు బీటా కార్బన్ ఉండదు కనుక దాని ఆల్ఫా కార్బన్‌ను తీసుకొంటారు. రెండు ప్రతినిధి పరమాణువుల మధ్య దూరం 8 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే ఆ జంట స్పర్శలో ఉన్నట్లు లెక్క. రెండవ ప్రమాణంలో హైడ్రోజన్ మినహా అన్ని పరమాణువులను పరిశీలిస్తారు. ఒక అవశేషంలోని ఏదో ఒక పరమాణువు మరొక అవశేషంలోని ఏదో ఒక పరమాణువుకు 4.5 లేదా 5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉంటే స్పర్శ ఉన్నట్లే. ప్రోటీన్ మొత్తం ఆకృతిని చూడటానికి మొదటి ప్రమాణం చాలు. రెండు ప్రోటీన్ల కలయిక తలాన్ని పరిశీలించడానికి రెండవది తప్పనిసరి.

దూరం గణన సులభమే. నిర్మాణ దస్త్రంలో ప్రతి పరమాణువుకు మూడు నిరూపకాలు ఉంటాయి. అభ్యాసం కోసం ఒక పరమాణువు నిరూపకాలు 10, 12, 8 అనీ, మరొకదానివి 12, 14, 9 అనీ అనుకొందాం. వాటి తేడాలు 2, 2, 1. వర్గాల మొత్తం 9. దాని వర్గమూలం 3. అనగా ఆ రెండింటి మధ్య దూరం 3 ఆంగ్‌స్ట్రామ్‌లు. 100 అవశేషాలు గల ప్రోటీనులో 4,950 జంటలు ఉంటాయి కాబట్టి ఈ గణనను కంప్యూటర్ చేస్తుంది. ఏ జంటను ఎందుకు లెక్కించాలన్న నిర్ణయం మాత్రం విద్యార్థిదే.

స్పర్శ పటం

అవశేషాల సంఖ్యలను అడ్డంగాను, నిలువుగాను వేసి, స్పర్శలో ఉన్న ప్రతి జంట వద్ద ఒక చుక్క పెడితే స్పర్శ పటం తయారవుతుంది. పటం కర్ణానికి ఇరువైపులా ఒకే రీతిలో ఉంటుంది. ఆల్ఫా హెలిక్స్‌లో ప్రతి అవశేషం తన తరువాతి నాలుగవ అవశేషానికి చేరువలో ఉంటుంది కనుక, కర్ణాన్ని ఆనుకొని మందపాటి పట్టీ కనిపిస్తుంది. ఒకే దిశలో సాగే బీటా పోగులు కర్ణానికి సమాంతర రేఖలుగాను, వ్యతిరేక దిశలలో సాగేవి కర్ణానికి లంబ రేఖలుగాను కనిపిస్తాయి. శృంఖలంలో పక్కపక్కన ఉన్న అవశేషాలు ఎలాగూ చేరువగానే ఉంటాయి. వాటిని విడిచిపెట్టి, వరుసలో దూరంగా ఉండి కూడా నిర్మాణంలో కలిసిన జంటలపై దృష్టి పెట్టాలి. ప్రోటీన్ ఆకృతిని నిర్ణయించే సమాచారం ప్రధానంగా వాటిలోనే ఉంటుంది.

స్పర్శల రకాలు

దూరం ఒక్కటే స్పర్శ స్వభావాన్ని తెలుపదు. దూరం ఆధారంగా గుర్తించిన ప్రతి జంటనూ దాని రసాయన స్వభావాన్ని బట్టి వర్గీకరించాలి.

హైడ్రోజన్ బంధం: దాత, గ్రహీత పరమాణువులు నత్రజని లేదా ఆక్సిజన్ అయి, వాటి మధ్య దూరం 3.5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉండాలి. ఎక్స్-రే పద్ధతిలో నిర్ణయించిన నిర్మాణాలలో హైడ్రోజన్ పరమాణువులు సాధారణంగా కనిపించవు కాబట్టి ఈ దూరంతో పాటు కోణాన్ని కూడా పరిశీలించాలి.

అయానిక బంధం: లైసిన్, అర్జినిన్ వంటి ధనావేశిత అవశేషానికి, ఆస్పార్టిక్ లేదా గ్లుటామిక్ ఆమ్లం వంటి ఋణావేశిత అవశేషానికి మధ్య ఏర్పడుతుంది. ఆవేశాన్ని మోసే పరమాణువుల మధ్య దూరం 4 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు ఉండటం ఆనవాయితీగా వాడే ప్రమాణం. హిస్టిడిన్ విషయంలో జాగ్రత్త అవసరం. పరిసరాల ఉదజని సూచికను బట్టి దానికి ధనావేశం ఉండవచ్చు, లేకపోవచ్చు.

జలవిరోధి స్పర్శ: లూసిన్, వాలిన్, ఫినైల్ అలనిన్ వంటి అవశేషాలు నీటికి దూరంగా ఒకచోట చేరినప్పుడు ఏర్పడుతుంది. ఒక్కొక్క స్పర్శ బలహీనమైనదే అయినా వాటి సంఖ్య ఎక్కువ కావడం వలన ప్రోటీన్ అంతర్భాగానికి స్థిరత్వం కలుగుతుంది.

డైసల్ఫైడ్ బంధం: రెండు సిస్టీన్ అవశేషాల గంధకపు పరమాణువుల మధ్య సుమారు 2 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఏర్పడే సమయోజనీయ బంధం.

చేరువ ఎల్లప్పుడూ మేలు చేయదు. బంధం లేని రెండు కార్బన్ పరమాణువులు 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల కంటే బాగా దగ్గరైతే అవి ఒకదానినొకటి నెట్టుకొంటాయి. ఒకే ఆవేశం గల రెండు అవశేషాలు ఎదురెదురుగా వచ్చినా ఇదే జరుగుతుంది. స్పర్శల జాబితాలో ఇటువంటి జంటలను ఆకర్షణలుగా లెక్కించడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు.

వరి గ్రాహకము, శిలీంద్ర ప్రోటీను

ఈ ప్రమాణాలను ఇప్పుడు అగ్గి తెగులుకు అన్వయించవచ్చు. శిలీంద్రం మొక్క కణంలోకి ఎఫెక్టర్లు అనే ప్రోటీన్లను పంపి మొక్క రక్షణ వ్యవస్థను దెబ్బతీస్తుంది. వాటిలో ఏవీఆర్-పిక్ 113 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. వరి 11వ క్రోమోజోముపై గల పిక్ స్థానంలో పిక్-1, పిక్-2 అనే రెండు గ్రాహకాలకు జన్యువులు ఉన్నాయి. పిక్-1 గ్రాహకం మధ్యలో హెచ్ఎంఏ అనే చిన్న భాగం అమరి ఉంటుంది. ఎఫెక్టర్ మొక్కలో వెదికేది ఇటువంటి హెచ్ఎంఏ భాగాలు గల ప్రోటీన్లనే. గ్రాహకంలోని హెచ్ఎంఏ ఆ విధంగా ఎరగా పనిచేస్తుంది. ఎఫెక్టర్ దానికి అంటుకోగానే గ్రాహకం మేల్కొని, ఆ కణం మరణించేటట్లు చేసి, శిలీంద్రం వ్యాపించకుండా అడ్డుకొంటుంది.

పిక్ జన్యువుకు అనేక యుగ్మ వికల్పాలు ఉన్నాయి. వాటిలో పిక్-పి, పిక్-ఎం ఇక్కడ ముఖ్యమైనవి. (భారతదేశంలో వంగడాల అభివృద్ధిలో వాడే పిఐ-54 జన్యువును పూర్వం పిక్-హెచ్ అని పిలిచేవారు, అది ఇక్కడ చర్చించే పిక్ యుగ్మ వికల్పాలలోనిది కాదు.) శిలీంద్రం కూడా తన ఎఫెక్టర్‌ను మార్చుకొంటూ వచ్చింది.

పట్టిక 1: ఏవీఆర్-పిక్ రూపాలలో మారిన అవశేషాలు

డి రూపం: 46 హిస్టిడిన్, 47 ప్రోలిన్, 48 గ్లైసిన్, 67 అలనిన్, 78 లైసిన్
ఇ రూపం: 46 ఆస్పరాజిన్, 47 అలనిన్, 48 గ్లైసిన్, 67 అలనిన్, 78 లైసిన్
ఎ రూపం: 46 ఆస్పరాజిన్, 47 అలనిన్, 48 ఆస్పార్టిక్ ఆమ్లం, 67 అలనిన్, 78 లైసిన్
సి రూపం: 46 ఆస్పరాజిన్, 47 అలనిన్, 48 గ్లైసిన్, 67 ఆస్పార్టిక్ ఆమ్లం, 78 లైసిన్
ఎఫ్ రూపం: 46 ఆస్పరాజిన్, 47 అలనిన్, 48 ఆస్పార్టిక్ ఆమ్లం, 67 అలనిన్, 78 మిథియోనిన్

పిక్-పి గ్రాహకం డి రూపాన్ని మాత్రమే గుర్తిస్తుంది. పిక్-ఎం డి, ఇ, ఎ రూపాలను గుర్తిస్తుంది. సి, ఎఫ్ రూపాలు ఈ రెండింటికీ చిక్కవు. సి రూపానికి, ఇ రూపానికి తేడా 67వ స్థానంలోని ఒక్క అవశేషమే. ఆ ఒక్క మార్పుతో పిక్-ఎం రక్షణ శిలీంద్రం ముందు నిలవడం లేదు. ఈ పట్టికను స్పర్శల వెలుగులో చదివినప్పుడే దాని అర్థం బోధపడుతుంది.

కలయిక తలంలోని స్పర్శలు

పిక్-పి హెచ్ఎంఏ, ఏవీఆర్-పిక్ డి రూపం కలిసి ఉన్న స్ఫటిక నిర్మాణాన్ని ఇంగ్లండులోని నార్విచ్‌లో గల జాన్ ఇన్నెస్ సెంటర్ శాస్త్రవేత్తలు, వారి సహచరులు 2015లో ప్రచురించారు. ప్రోటీన్ డేటా బ్యాంకులో దాని గుర్తింపు సంఖ్య 5ఎ6డబ్ల్యు. ఈ తలంలో విద్యార్థి మూడు ప్రాంతాలను గమనించాలి.

మొదటిది 46వ స్థానం. ఎఫెక్టర్‌లోని హిస్టిడిన్ గ్రాహకంలోని 218వ సెరిన్, 230వ గ్లుటామిక్ ఆమ్లాలతో స్పర్శలో ఉంటుంది. ఇ, ఎ రూపాలలో ఈ హిస్టిడిన్ స్థానంలో ఆస్పరాజిన్ వచ్చింది. ఆస్పరాజిన్ పార్శ్వ శృంఖలం పొట్టిది, ఆవేశం లేనిది. గ్లుటామిక్ ఆమ్లంతో దాని సంబంధం పూర్వం వలె ఉండదు. పిక్-పి ఈ రూపాలను గుర్తించలేకపోవడానికి ఇది ప్రధాన కారణం.

రెండవది 67వ స్థానం పరిసరం. ఎఫెక్టర్‌లోని 64వ అర్జినిన్ గ్రాహకంలోని 224వ ఆస్పార్టిక్ ఆమ్లంతో హైడ్రోజన్ బంధాలు ఏర్పరుస్తుంది. సి రూపంలో 67వ అలనిన్ స్థానంలో ఋణావేశిత ఆస్పార్టిక్ ఆమ్లం చేరినప్పుడు గ్రాహకంలోని ఆ మెలిక పక్కకు జరిగి, అర్జినిన్‌తో గల బంధం తెగిపోతుంది. మారినది 67వ అవశేషం. తెగినది 64వ అవశేషం బంధం. మారిన అవశేషం స్పర్శలను మాత్రమే లెక్కించి ఊరుకొంటే ఈ విషయం కంటపడదు. పొరుగు అవశేషాల స్పర్శలను కూడా పోల్చి చూడాలి.

మూడవది గ్రాహకంలోని 262వ లైసిన్. ఎఫెక్టర్ ఉపరితలంపై 53వ గ్లుటామిక్ ఆమ్లం, 71వ టైరోసిన్, 72వ సెరిన్, 74వ ట్రిప్టోఫాన్ కలిసి ఒక గుంటను ఏర్పరుస్తాయి. లైసిన్ పార్శ్వ శృంఖలం ఆ గుంటలో ఇమిడిపోతుంది. పిక్-పి, పిక్-ఎం రెండింటిలోనూ ఒక లైసిన్ ఇలా చేరుతుంది. దూరాల జాబితా మాత్రమే చూస్తే రెండింటికీ తేడా లేదనిపిస్తుంది. నిర్మాణాలను ఒకదానిపై ఒకటి అమర్చి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పిక్-పిలో ఆ లైసిన్ గుంటను చేరుకోవడానికి ప్రధాన శృంఖలం బయటికి మెలిక తిరగవలసి వస్తుంది. పిక్-ఎంలో లైసిన్ ఒక స్థానం ముందుగా, పిక్-పిలోని 261వ ఆస్పరాజిన్‌కు ఎదురుగా ఉండటం వలన మెలిక అవసరం లేకుండానే గుంటలో కుదురుకొంటుంది. 2018లో ప్రచురితమైన ఈ పరిశీలన పిక్-ఎం విస్తృత గుర్తింపు శక్తికి కారణాన్ని తెలిపింది.

విశ్లేషణ నుండి గ్రాహక సవరణకు

శిలీంద్రం 46వ స్థానంలో స్పర్శను బలహీనపరచింది కనుక గ్రాహకంలో దానికి ఎదురుగా ఉన్న అవశేషాన్నే మార్చాలని మొదట తోచవచ్చు. పరిశోధకులు అందుకు భిన్నమైన మార్గం ఎంచుకొన్నారు. పిక్-పిలో 261వ ఆస్పరాజిన్‌ను లైసిన్‌గా, 262వ లైసిన్‌ను గ్లుటామిక్ ఆమ్లంగా మార్చి, మూడవ ప్రాంతాన్ని పిక్-ఎం వలె తీర్చిదిద్దారు. 2019లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం, సవరించిన గ్రాహకం పొగాకు జాతికి చెందిన నికోటియానా బెంథామియానా ఆకులలో ఇ, ఎ రూపాలకు కూడా స్పందించింది. తలం ఒక చివర పోయిన పట్టును మరొక చివర భర్తీ చేయడం సాధ్యమని దీనితో రుజువైంది.

ప్రకృతి కూడా ఇదే మార్గాన్ని అనుసరించిందని 2021లో తెలిసింది. పిక్-హెచ్ అనే సహజ యుగ్మ వికల్పం హెచ్ఎంఏ భాగంలో పిక్-పి కంటే ఒకే అవశేషంలో భిన్నమైనది. ఆ అవశేషం 261వ స్థానంలోని లైసిన్. వంగడాల అభివృద్ధి శాస్త్రవేత్తలకు ఇందులో ఒక సూచన ఉంది. స్పర్శల విశ్లేషణ చూపిన స్థానాలలో సహజ వైవిధ్యం కోసం జన్యు వనరులను గాలించవచ్చు.

సి, ఎఫ్ రూపాల సమస్య అంతటితో తీరలేదు. ఈ రూపాలు వరిలోని సహజ లక్ష్యాలలో ఒకటైన ఓఎస్-హెచ్ఐపీపీ-19 ప్రోటీను హెచ్ఎంఏకు గట్టిగా అంటుకొంటాయి. శిలీంద్రం గ్రాహకం నుండి తప్పించుకొన్నా తన లక్ష్యాన్ని విడిచిపెట్టలేదన్నమాట. ఆ కలయిక తలాన్ని ఆధారంగా తీసుకొని, పైన చెప్పిన రెండు మార్పులకు తోడు 258వ సెరిన్‌ను గ్లుటామిక్ ఆమ్లంగా మార్చారు. 2023లో వెలువడిన ఫలితాలలో ఇలా సవరించిన గ్రాహకాలు గల జన్యుపరివర్తిత వరి మొక్కలు సి లేదా ఎఫ్ రూపం గల శిలీంద్ర రకాలను తట్టుకొన్నాయి.

విశ్లేషణలో పాటించవలసిన జాగ్రత్తలు

1. నిర్మాణం నాణ్యత: 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు స్పష్టత గల నిర్మాణాలలో పార్శ్వ శృంఖలాల స్థానాలు ఎక్కువగా నమ్మదగినవి. స్పష్టత 3 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటితే ఒక్కొక్క హైడ్రోజన్ బంధం గురించి గట్టిగా చెప్పరాదు.

2. స్ఫటిక స్పర్శలు: స్ఫటికంలో అణువులు ఒత్తుగా అమరడం వలన, కణంలో లేని స్పర్శలు కూడా కనిపిస్తాయి. 5ఎ6డబ్ల్యు నిర్మాణంలో ఒక ఎఫెక్టర్‌కు రెండు హెచ్ఎంఏ ప్రతులు ఉన్నాయి. ఏ శృంఖలాల మధ్య స్పర్శలను లెక్కించాలో ముందే నిర్ణయించుకోవాలి.

3. ఆస్పరాజిన్, గ్లుటమిన్, హిస్టిడిన్ దిశ: ఆస్పరాజిన్ చివరి నత్రజని, ఆక్సిజన్ పరమాణువులను ఎక్స్-రే చిత్రంలో వేరుచేయడం కష్టం. అవి తారుమారైతే దాత గ్రహీతగా కనిపిస్తుంది. 46వ స్థానం వంటి చోట్ల ఇది నిర్ధారణనే మార్చివేయగలదు.

4. అవశేషాల సంఖ్యలు: ప్రచురిత వ్యాసంలోని సంఖ్యలు, నిర్మాణ దస్త్రంలోని సంఖ్యలు ఒకటే కాకపోవచ్చు. పిక్-పి, పిక్-ఎం లైసిన్ల ఉదాహరణ చూపినట్లు, వరుసలను సరిపోల్చిన తరువాతే స్థానాలను పోల్చాలి.

5. ఊహాత్మక నమూనాలు: ఆల్ఫాఫోల్డ్ వంటి కార్యక్రమాలు ఇచ్చే నమూనాలలో ప్రతి ప్రాంతానికి విశ్వసనీయత అంకె ఉంటుంది. రెండు శృంఖలాల పరస్పర స్థానానికి ఇచ్చిన అంచనా దోషాన్ని కూడా చూడకుండా అంతరతల స్పర్శలను లెక్కించరాదు.

6. ప్రయోగ నిర్ధారణ: స్పర్శ ఉన్నంత మాత్రాన అది బంధన శక్తికి తోడ్పడుతున్నదని అర్థం కాదు. అవశేషాన్ని మార్చి, బంధన బలాన్ని కొలిచి, మొక్కలో స్పందనను చూసిన తరువాతే నిర్ధారణకు రావాలి. పై పరిశోధనలన్నీ ఈ క్రమాన్ని పాటించినవే.

విస్తరణ రంగానికి అన్వయం

ఒక రకాన్ని తెగులు నిరోధక రకంగా పేర్కొనడమంటే, ఆ ప్రాంతంలో అప్పటికి ఉన్న శిలీంద్ర రూపాలను అది గుర్తిస్తుందని చెప్పడమే. ఆ శక్తి తగ్గినట్లు పొలంలో కనిపిస్తే మొదట మచ్చలున్న ఆకులను, మెడవిరుపు సోకిన వెన్నులను సేకరించి, ప్రాంతం, రకం, తేదీ నమోదు చేసి పరిశోధన కేంద్రానికి పంపాలి. ఏవీఆర్-పిక్ జన్యువులో 46, 47, 48, 67, 78 స్థానాల సమాచారం తెలిస్తే ఏ పిక్ యుగ్మ వికల్పం ఆ ప్రాంతంలో పనికివస్తుందో, ఏది పనికిరాదో అంచనా వేయవచ్చు. శిలీంద్రం ఆ జన్యువును పూర్తిగా కోల్పోయిన సందర్భంలో ఏ సవరణ చేసినా పిక్ గ్రాహకం ఉపయోగపడదు. అందువలన ఒకే జన్యువుపై ఆధారపడక, వేర్వేరు నిరోధక జన్యువులను ఒకే రకంలో కూర్చడం, నత్రజనిని సిఫారసు మేరకు దఫాలుగా వేయడం, పొలాన్ని తరచుగా పరిశీలించడం కొనసాగించాలి.

ముగింపు

స్పర్శల విశ్లేషణకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ప్రోటీన్ డేటా బ్యాంకు నిర్మాణాలు అందరికీ ఉచితంగా లభిస్తాయి. విద్యా అవసరాలకు ఉచితంగా దొరికే కైమెరా-ఎక్స్ వంటి కార్యక్రమాలతో సాధారణ కంప్యూటరుపైనే ఈ పని చేయవచ్చు. 5ఎ6డబ్ల్యు నిర్మాణంలో 46వ హిస్టిడిన్ స్పర్శలను గుర్తించడం విద్యార్థులకు తగిన తొలి అభ్యాసం. తరువాత 64వ అర్జినిన్, 262వ లైసిన్ స్పర్శలను వర్గీకరించి పట్టిక 1తో పోల్చాలి. ఏ మార్పు ఏ స్పర్శను దెబ్బతీసిందో, దానిని ఎక్కడ భర్తీ చేయవచ్చునో ఈ పోలిక తెలుపుతుంది. పొలంలో ఒక రకం తెగులుకు ఎందుకు లొంగిందన్న రైతు ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానం చెప్పడానికి విస్తరణ శాస్త్రవేత్తకు ఈ అవగాహన తోడ్పడుతుంది.